ఛత్తా బజార్ ఖలం, తొమ్మిదో అంతస్తు కీబోర్డు

మా ఇంట్లో పెళ్లికి శుభలేఖలు అచ్చు వేయించడానికి పాతబస్తీలో ఛత్తా బజార్‌కి వెళ్లాను. పత్తర్‌గట్టి రద్దీ దాటి పురానీ హవేలీ వైపు మళ్లితే ఆ వీధి వస్తుంది. అటూ ఇటూ ప్రెస్సులు, కార్డుల దుకాణాలు, సిరా వాసన. బోర్డుల మీద తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడుస్తూ మధ్యలో ఎదురుపడతాయి. నేను ఎక్కిన దుకాణంలో కంపోజింగ్ చేసే పెద్దాయనకి అరవై ఏళ్లుంటాయి. ఆయన కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి, మీటలు గోలీకాయల్లా నున్నబడ్డాయి. నేను చీటీ ఇవ్వగానే రెండు మీటలు టకటకమన్నాయి. తెర మీద "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" మొత్తం వచ్చి కూర్చుంది. మరో రెండు మీటలకి "బంధుమిత్ర సపరివార సమేతంగా" మొదలై వాక్యం చివరిదాకా పరుచుకుంది. అంతకుముందే తయారైన ఇంకో కార్డు తెరిచి చూపించారు. అందులో ఉర్దూ బిస్మిల్లా కూడా అలాగే ఒక్క దెబ్బకి పడిందట.

"ఇదెట్ల భాయ్‌సాబ్?" అన్నాను.

"ఏముంది సార్, రోజూ నలభైసార్లు కొట్టే ముక్కలే. నా చేతికి ఎట్ల అలవాటైతే అట్ల పెట్టుకున్న. మా అబ్బా కాతిబ్ ఉండె. వాళ్ల ఖలం వాళ్లే చెక్కుకునేటోళ్లు. మేం ముట్టుకుంటే వీపు చిట్లేది." ఆయన నవ్వి, "నా సీట్ల ఇంకొకరు కూసుంటే మాత్రం పరేషాన్ అయితరు" అన్నారు.

కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పత్రికల్లో పేజీలకు పేజీలు కాతిబులే చేత్తో రాసేవారు. రెల్లు పుల్ల కొనని కత్తితో ఏటవాలుగా కోసుకుంటారు. ఆ కోత ఎంత వెడల్పుంటే చుక్క అంత. అక్షరం ఎత్తూ సాగుడూ వంపూ అన్నీ ఆ చుక్కల లెక్కలోనే కొలుచుకుంటారు. చెయ్యి వాలుని బట్టి కోత వాలు మారుతుంది కాబట్టి ఒకరి ఖలం ఇంకొకరి చేతిలో మొరాయిస్తుంది.

కార్డులు వచ్చాయి, పెళ్లి అయిపోయింది. పెద్దాయన చివర్లో నవ్వుతూ అన్న మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. ఎందుకంటే ప్రోగ్రాములు రాసేవాళ్ల లోకంలో సరిగ్గా ఆ చిక్కు మీదే, ఎవరి సీట్లో వాళ్లే కూర్చోగలగడం అనే చిక్కు మీదే, ఒక పెద్ద కథ నడిచింది.

మన హైదరాబాదులో ఎడిటర్ అంటే ముందు పత్రికాఫీసులో కళ్లజోడు సవరించుకునే మనిషి గుర్తొస్తాడు. ప్రోగ్రామర్‌కి ఎడిటర్ అంటే వడ్రంగికి బాడిస లాంటిది. రోజంతా చేతిలో ఉండేది అదే. రాసేదీ దిద్దేదీ వెతికేదీ చెరిపేదీ అందులోనే. కథ మొదలయ్యేనాటికి ఆ బాడిసకి పిడి కూడా సరిగా లేదు.

1962 ప్రాంతం. అమెరికాలో ఎంఐటీ విద్యాసంస్థలో పీడీపీ-1 అనే కంప్యూటర్ ఉండేది. ప్రోగ్రాము అంటే అప్పట్లో చిల్లులు పొడిచిన పొడవాటి కాగితపు పట్టీ. ఒక్క అక్షరం తప్పు పడితే ఆ పట్టీ అంతా మళ్లీ తీయాలి. డాన్ మర్ఫీ అనే కుర్రాడు ఈ బాధ పడలేక పట్టీలు దిద్దడానికే ఒక ప్రోగ్రాము రాశాడు. దాని పేరు టెకో, అంటే టేప్ ఎడిటర్ అండ్ కరెక్టర్. కొన్నాళ్లకి పట్టీలు పోయి డిస్కులు వచ్చాయి. పొడి పేరు అలాగే ఉంచేసి, టేప్ ఉన్న చోట టెక్స్ట్ అనుకున్నారు.

టెకో బలమైనదే గానీ గుడ్డిది. మీరు రాస్తున్నది మీకు కనిపించదు. "పది అక్షరాలు ముందుకు జరుగు, మూడు చెరుపు, ఈ ముక్క పెట్టు" అని ఒక్కో అక్షరమే ఒక్కో ఆజ్ఞగా వరసపెట్టి కొట్టాలి. చివర్లో ఒక మీట రెండుసార్లు నొక్కితే అన్నీ ఒక్కసారిగా జరిగిపోతాయి. ఏం జరిగిందో చూడాలంటే చూపించమని మళ్లీ ఆజ్ఞ ఇవ్వాలి. ప్రతి అక్షరానికీ ఏదో అర్థం ఉండటంతో కుర్రాళ్లకి ఒక ఆట దొరికింది. తమ పేరుని టెకోకి ఆజ్ఞగా ఇస్తే ఏం ధ్వంసమవుతుందో ముందే ఊహించి చెప్పడం ఆ ఆట.

దాన్ని వాళ్లు వదలకుండా పట్టుకు వేలాడటానికి ఒక కారణం ఉంది. ఆ ఆజ్ఞల వరసని దాచిపెట్టుకుని, కావాలన్నప్పుడు మళ్లీ నడిపించవచ్చు. అలా దాచుకున్నదాన్ని మాక్రో అంటారు. చూడటానికి చిత్తు కాగితం మీద పిచ్చిగీతల్లా ఉన్నా, లోపల టెకో ఒక పూర్తి ప్రోగ్రామింగ్ భాషే. దిద్దే పనిముట్టుతో ఆ పనిముట్టునే దిద్దుకోవచ్చు. ఈ సంగతి ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పటికి ఎవరి ఊహకీ అందలేదు.

ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాల టెక్నాలజీ స్క్వేర్ అనే భవనంలో తొమ్మిదో అంతస్తులో ఉండేది. పగలూ రాత్రీ తేడా లేకుండా అక్కడ దీపాలు వెలిగేవి. మెల్లగా తెరలు వచ్చాయి. తెర ఉన్నాక గుడ్డిగా దిద్దడం ఎందుకని 1972లో కార్ల్ మికెల్సన్ టెకోకి ఒక కిటికీ తెరిచాడు. కంట్రోల్ మీట పట్టుకుని ఆర్ నొక్కితే రాస్తున్నది తెర మీద కనిపిస్తుంది, కొట్టిన అక్షరం అక్కడికక్కడే పడుతుంది. ఇవాళ మనకి ఇందులో వింతేమీ లేదు. ఆనాడు అది చీకటి గదిలో దీపం పెట్టడమే.

అదే ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ ఉండేవాడు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చదువుతూ 1971లో ఇక్కడ చేరాడు. ఒకసారి స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలకి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు వాడుతున్న "ఇ" అనే ఎడిటర్ చూశాడు. అందులో తెర మీద చూస్తూ దిద్దడం ఎప్పుడో అలవాటైపోయింది. తిరిగొచ్చి మికెల్సన్ కిటికీని వేగంగా పనిచేసేలా మళ్లీ రాశాడు. ఆ పనిలో పనిగా ఇంకొకటి చేర్చాడు. ఏ మీట నొక్కినా సరే, దానికి మీరు రాసుకున్న మాక్రో నడిచేలా తగిలించుకోవచ్చు.

కథంతా తిరిగింది ఈ చిన్న మలుపు దగ్గరే. ఛత్తా బజార్ పెద్దాయన రెండు మీటలకి శుభమస్తు పడటం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. మీటకీ పనికీ ఉన్న ముడిని తయారుచేసినవాడు బిగించి పంపడు. వాడుకునేవాడు విప్పుకుని, మళ్లీ తనకి నచ్చినట్టు ముడి వేసుకుంటాడు.

ఇక అంతస్తంతా మాక్రోల జాతర మొదలైంది. ఒకడు ఒక్క మీటతో వాక్యం చెరిపేలా పెట్టుకున్నాడు. ఇంకొకడు కుండలీకరణం మూస్తే దాని జోడీ ఎక్కడుందో చూపేలా పెట్టుకున్నాడు. తోచినదల్లా పెట్టుకుని, పక్కవాడి దగ్గర నచ్చింది తెచ్చుకుని, దాన్నీ మార్చుకున్నారు. రకరకాల పేర్లతో మాక్రోల మూటలు తయారయ్యాయి. పని జోరుగా సాగింది. కానీ కొన్నాళ్లకి తొమ్మిదో అంతస్తులో సరిగ్గా ఛత్తా బజార్ పరేషానే వచ్చిపడింది. పక్కవాడికి సాయం చేద్దామని అతని కుర్చీలో కూర్చుంటే ఏ మీట ఏం చేస్తుందో తెలియదు. ముందుకు జరగాలని నొక్కితే ఏదో చెరిగిపోతుంది. ఒకే గదిలో ఉంటూ, ఒకే ఎడిటర్ వాడుతూ, ఒకరి భాష ఒకరికి అర్థం కాని స్థితి.

దీన్ని సరిదిద్దాలని 1976లో పూనుకున్నవాడు గై స్టీల్. ప్రచారంలో ఉన్న నాలుగు మాక్రోల మూటల ముద్రిత ప్రతులు సేకరించుకుని, ఏ మీట ఏ పనికి ఉంటే అందరికీ సమ్మతమో పట్టిక వేయడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్ల మధ్యవర్తి రెండు ఇళ్ల మధ్య తిరిగినట్టు ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగాడు. నా దృష్టిలో ఈ కథలో తక్కువ కీర్తి దక్కిన వీరుడు ఇతనే. కొత్తది కనిపెట్టడం సరదా పని. పదిమంది ఇష్టాల్ని ఒక పట్టికలో ఇమడ్చడం ఓపిక పని. స్టీల్ ఏం చేస్తున్నాడా అని అతని భుజం మీదుగా తొంగిచూడటంతో స్టాల్‌మన్ ఇందులోకి దిగాడు. ఒక రాత్రంతా ఇద్దరూ కలిసి కూర్చుని రాశారు. తర్వాత స్టీల్ తన చదువు పనిలో పడ్డాడు, మిగతాదంతా స్టాల్‌మన్ పూర్తి చేశాడు.

1976 ముగిసేనాటికి అది పనిచేయడం మొదలుపెట్టింది. దిద్దుబాటు మాక్రోలు అనే అర్థంలో దానికి ఈమాక్స్ అని పేరు పెట్టారు. ఇ అనే అక్షరం ఎందుకంటే, ఆ కంప్యూటర్‌లో అప్పటికి ఆ ఒక్క అక్షరాన్ని పొట్టిపేరుగా ఎవరూ వాడుకోలేదు కనక. ఇంత పెద్ద కథకి ఇంత చిన్న కారణం.

స్టీల్ పట్టిక వల్ల అందరికీ ఒకే నేల ఏర్పడింది. ఆ నేల మీద ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఇల్లు కట్టుకోవచ్చు. పైగా ఈమాక్స్ తన గురించి తానే చెబుతుంది. ఈ మీట నొక్కితే ఏమవుతుందని అడిగితే, దానికి ప్రస్తుతం తగిలించి ఉన్న పనేదో వివరిస్తుంది. మీరు నిన్న రాత్రి మార్చి మర్చిపోయినా సరే. ఇక పక్కవాడి కుర్చీలో కూర్చున్నవాడు బిక్కమొహం వేయనక్కర్లేదు. దాన్ని పంచిపెట్టేటప్పుడు స్టాల్‌మన్ ఒక షరతు పెట్టాడు. మీరు చేసుకున్న మెరుగులు నాకు తిరిగి పంపండి, అందరికీ పంచుతాను. ఊరి చెరువు పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలన్నట్టు.

ఆ తర్వాత జరిగిన ఒక సంఘటన నాకు మరీ ఇష్టం. 1978లో బెర్నీ గ్రీన్‌బర్గ్ అనే ఆయన మల్టిక్స్ అనే మరో రకం కంప్యూటర్‌కి ఈమాక్స్‌ని లిస్ప్ భాషలో మళ్లీ రాశాడు. టెకో పిచ్చిగీతలతో పోలిస్తే లిస్ప్ చక్కగా చదువుకునే భాష. ఆయన ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే సెక్రటరీలు కూడా దాన్నే వాడేవారు. కొత్త ఆజ్ఞలు చేర్చుకోవడం ఎలాగో వివరించే పుస్తకం ఒకటి వాళ్ల చేతికొచ్చింది. ఆ పుస్తకంలో ప్రోగ్రామింగ్ అన్న మాట ఎక్కడా లేదు. అది మన వల్ల అయ్యే పని కాదని నమ్మిన ఆ సెక్రటరీలు, తాము చేస్తున్నది అదేనని తెలియక, భయపడకుండా తమ పనికి కావలసిన ఆజ్ఞలు తామే రాసుకున్నారు. స్టాల్‌మన్ తర్వాతి కాలంలో చాలా సభల్లో ఈ ముచ్చట చెప్పాడు. పుస్తకం అట్ట మీద ప్రోగ్రామింగ్ అని ఉంటే ఎంతమంది దాన్ని తెరిచేవారో ఊహించుకోవచ్చు.

ఈమాక్స్ పుట్టిన 1976లోనే, దేశానికి ఆ చివర కాలిఫోర్నియాలో, బర్క్‌లీలో, బిల్ జాయ్ అనే విద్యార్థి ఇంకో దారి తొక్కాడు. అతను ఇంటి నుంచి ఫోను తీగ మీద కంప్యూటర్‌ని వాడేవాడు. అక్షరాలు సెకనుకి ముప్పై మాత్రమే వచ్చేవి. తెర నిండటానికే యుగం పట్టేది కాబట్టి తక్కువ మీటలతో ఎక్కువ పని జరగాలి. అలా పుట్టింది వీఐ. అతని ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద బాణం గుర్తులకి విడిగా మీటలు లేవు, అవి హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే చెక్కి ఉండేవి. ఆ టెర్మినల్ ఎప్పుడో మ్యూజియంకి చేరింది. దాని మీద బాణాలు చెక్కినవాడెవరో గానీ, ఆ ఏర్పాటు హైటెక్ సిటీలో ఇవాళ ఉద్యోగంలో చేరిన కుర్రాడి వేళ్లలో కూడా ఉంది. వీఐని అనుకరిస్తూ నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మోలెనార్ 1991లో విమ్ విడుదల చేశాడు. ఉచితంగా వాడుకోండి, నచ్చితే ఉగాండాలో కిబాలె పిల్లల కోసం విరాళం ఇవ్వండి అన్నాడు. 2023లో కన్నుమూసేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. ఈమాక్స్ గొప్పదా విమ్ గొప్పదా అనే తగాదా ఇరానీ హోటల్లో బిర్యానీ తగాదా లాంటిది. నేను అందులో తలదూర్చను.

ఈమాక్స్‌కి అసలు గండం ఎనభైలలో వచ్చింది. అది పుట్టిన కంప్యూటర్ల జాతి అంతరించిపోసాగింది, యూనిక్స్ అనే వ్యవస్థ రాజ్యం మొదలైంది. టెకో మీద కట్టిన ఇల్లు టెకోతోపాటే కూలిపోతుంది. 1981లో జేమ్స్ గాస్లింగ్ అనే పరిశోధక విద్యార్థి, తర్వాత జావా భాషతో పేరు తెచ్చుకున్నవాడు, యూనిక్స్ కోసం సి భాషలో ఒక ఈమాక్స్ రాశాడు. మొదట పంచిపెట్టాడు, ఆపైన దాన్ని ఒక కంపెనీకి అమ్మేశాడు. తెర మీద అక్షరాలు సర్దే భాగం ఎంత జటిలమంటే, అక్కడ గాస్లింగ్ పుర్రె, ఎముకల బొమ్మ గీసి పెట్టాడు, ఇక్కడ చెయ్యి పెట్టొద్దని.

స్టాల్‌మన్ 1984లో ఎంఐటీ ఉద్యోగం మానేసి, అందరికీ స్వేచ్ఛగా ఉండే గ్నూ అనే వ్యవస్థని తయారుచేస్తానని కూర్చున్నాడు. సెప్టెంబరులో ఈమాక్స్‌ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కొన్ని ముక్కలు గాస్లింగ్ రాసినదాని నుంచి తీసుకున్నాడు. కంపెనీ అభ్యంతరం చెప్పింది. అంతే, ఆ ముక్కలన్నీ పీకి పారేసి, పుర్రె బొమ్మ ఉన్న భాగంతో సహా, తానే కొత్తగా రాశాడు. గాస్లింగ్ ఎడిటర్లో ఉన్నది లిస్ప్‌లా కనిపించే నకిలీ, స్టాల్‌మన్ లోపల నిజమైన లిస్ప్ పెట్టాడు. గ్నూ ఈమాక్స్ తొలి రూపం అంతకుముందే, 1985 మార్చిలో బయటికి వచ్చింది. ఆయనకి జీతం లేదు. 150 డాలర్లు పంపితే టేపు మీద ఎక్కించి పోస్టులో పంపుతానన్నాడు. ప్రపంచాన్ని మార్చిన పనిముట్టు కొన్నాళ్లపాటు పోస్టులో తెప్పించుకునే సరుకు. అది 8 మెగాబైట్ల మెమరీ మింగేస్తుందని వెక్కిరించేవారు కూడా. ఇవాళ ఫోన్లో రెండు మూడు ఫొటోలు అంత ఉంటాయి.

పదేళ్లు గడిచాయి. ఈమాక్స్‌ని తన చేతికి తగ్గట్టు మలుచుకోవడంలో ఎవరూ వెళ్లనంత దూరం వెళ్లినవాడు మన దేశం నుంచి వచ్చాడు. టి.వి. రామన్ పుణెలో పెరిగాడు. గ్లకోమా వల్ల పద్నాలుగేళ్లకే చూపు పూర్తిగా పోయింది. గణితం చదివాడు, బొంబాయి ఐఐటీలో చదివాడు, 1994లో కార్నెల్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. గణిత సూత్రాలని చెవికి అర్థమయ్యేలా చదివి వినిపించే వ్యవస్థ ఆయన పరిశోధన. అంధులకి కంప్యూటర్ తెరని చదివి వినిపించే ప్రోగ్రాములు అప్పటికి ఉన్నాయి. కానీ అవి తెర మీద ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేవి. క్యాలెండర్ తెరిస్తే "ఒకటి, రెండు, మూడు" అని అంకెలు వల్లించడమే. ఏ అంకె ఏ వారం కింద ఉందో తెలియదు. చూపున్నవాడు పైకి ఒకసారి చూసి గ్రహించే సంగతి వినేవాడికి అందేది కాదు.

రామన్ ఆలోచన వేరు. తెరని చదవడమెందుకు? ఏ పని జరుగుతోందో లోపల ఉన్న ఈమాక్స్‌కి తెలుసు కదా, దాన్నే మాట్లాడించాలి. చిక్కేమిటంటే, ఈమాక్స్‌లో వందల కొద్దీ ఆజ్ఞలున్నాయి, అన్నీ వేరేవాళ్లు రాసినవి. అన్నిటినీ తిరగరాస్తూ కూర్చుంటే ఒక జీవితం చాలదు, రాసినా వచ్చే ఏడాది కొత్త వెర్షన్ వస్తే పని మళ్లీ మొదటికి. ఇక్కడ అదృష్టం తలుపు తట్టింది. హాన్స్ చలుప్‌స్కీ అనే ఆయన అంతకుముందే, వేరే అవసరాల కోసం, ఈమాక్స్‌కి "అడ్వైస్" అనే సదుపాయం తయారుచేసి పెట్టాడు. ఎవరో రాసిన ఆజ్ఞని ముట్టుకోకుండానే, దాని ముందో వెనకో మన మాట తగిలించవచ్చు. పాతింటి గోడ పగలగొట్టకుండా బయట వసారా దింపుకున్నట్టు. కిందివరసకి జరిపే ఆజ్ఞ తన పని తాను చేస్తుంది. అది కాగానే రామన్ తగిలించిన ముక్క లేచి ఆ వరస చదువుతుంది. క్యాలెండర్లో జరిగితే తేదీతోపాటు వారం, నెల, సంవత్సరం పలుకుతుంది.

1995లో ఆయన ఈమాక్‌స్పీక్‌ని అందరికీ విడుదల చేశాడు. అందులో నాకు చాలా నచ్చిన విశేషం గొంతులు. ప్రోగ్రాములో వ్యాఖ్యలు ఒక రంగులో, కీలక పదాలు ఇంకో రంగులో చూపడం మనకి అలవాటు. రామన్‌కి రంగులతో పని లేదు. వ్యాఖ్య వస్తే గొంతు మారుతుంది, కీలక పదం వస్తే ఇంకోలా మారుతుంది. ఫైలు తెరిచినా మూసినా చిన్న శబ్దం వినిపిస్తుంది. దాంతోనే ఆయన అడోబీలో, ఐబీఎంలో, 2005 నుంచి గూగుల్‌లో పనిచేశాడు. ఈమాక్స్ తయారీదారుల్లో ఎవరూ చెవితో ప్రోగ్రాములు రాసే మనిషిని మనసులో పెట్టుకుని దాన్ని కట్టలేదు. కానీ మార్చుకునే తలుపు తెరిచి ఉంచారు, ఆయన లోపలికొచ్చాడు.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. హైదరాబాదులో పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. మరుసటి ఏడాది ఆ సంస్థ వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌ని విడుదల చేసి, ఆ ఏడు చివర్లో దాని మూలాన్ని అందరికీ తెరిచిపెట్టింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి గచ్చిబౌలి దాకా ఇప్పుడు ఎక్కువగా కనిపించేది అదే. ఎవరైనా అనుబంధాలు రాసి చేర్చుకోవచ్చు. దాన్ని ఈమాక్స్‌లాగో విమ్‌లాగో నడిపించే అనుబంధాలూ ఉన్నాయి. కొత్తింట్లో దిగినా పాత వేళ్లు పాత అలవాటునే వెతుక్కుంటాయి. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. పనిముట్టుని సానబెట్టుకునే మోజులో అసలు పని మరిచిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. వారం రోజులు రంగులు సరిచూసుకుని, రాయాల్సిన ప్రోగ్రాముని ఆదివారం రాత్రి తెరిచిన సందర్భాలున్నాయి. ఛత్తా బజార్ పెద్దాయన అలా కాదు, రోజుకి నలభైసార్లు కొట్టే ముక్కకే మీట పెట్టుకున్నారు.

మళ్లీ ఆ వీధికే వద్దాం. తెలుగూ ఉర్దూ ఎదురుపడే ఆ బోర్డుని ఒక ఎడిటర్ తెర మీదకి తేవాలంటే రెండు పెద్ద అడ్డంకులున్నాయి. ఎడిటర్లన్నీ ఇంగ్లిషు కోసం పుట్టాయి. ఒక అక్షరానికి ఒక గడి, అదీ ఎడమ నుంచి కుడికే. తెలుగు ఈ గడుల్లో ఇమడదు. నమస్కారం అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. 1991లో తెలుగుకి చోటిచ్చిన యూనికోడ్ లెక్కలో అది ఎనిమిది గుర్తులు. న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న. సకారం కింద కకారం ఒత్తుగా ఎప్పుడు మారాలో, దీర్ఘం ఎక్కడ అతకాలో ఎడిటర్‌కి నేర్పాలి.

నేర్పినవాళ్లు జపాన్‌వాళ్లు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు. తమ లిపిని ఈమాక్స్‌లోకి తేవడానికి తంటాలు పడుతూ, సుకుబాలోని ఒక పరిశోధనాలయంలో కెనిచి హందా, ఆయన సహచరులు, ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే ఏర్పాటు చేశారు. దాని పొడి పేరు మ్యూల్. ఇంగ్లిషులో కంచరగాడిద అని అర్థం. ఎంత బరువైనా మోస్తుంది మరి. 1997లో ఈమాక్స్ 20తో అది ఇంటి మనిషైపోయింది. భారతీయ లిపుల పని చూసినవాడు తాయిచి కవాబతా. మన అక్షరాలు కొట్టే పద్ధతుల ఫైలు మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంటుంది. 2009లో వచ్చిన ఈమాక్స్ 23లో తెలుగుకి సొంత అమరిక ఏర్పడింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్నవాళ్లకి ఆ పద్ధతి, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకి ఐట్రాన్స్ పద్ధతి. అదీ కుదరకపోతే మీకు నచ్చిన మీటల వరస మీరే రాసి పెట్టుకోవచ్చు. 1976 నాటి తలుపు ఇక్కడా తెరిచే ఉంది.

ఉర్దూకి ఇంకో మూడేళ్లు పట్టింది. కుడి నుంచి ఎడమకి రాయడమొక్కటే అయితే అద్దంలో తిప్పినట్టు తిప్పేస్తే సరిపోయేది. కానీ పెళ్లి కార్డులో ఉర్దూ వాక్యం ఎడమకి నడుస్తుంటే దాని మధ్యలో ఫోను నంబరు కుడికి నడుస్తుంది. పక్కన ఇంగ్లిషు పేరు వస్తే అదీ కుడికే. కర్సర్ ఎటు వెళ్లాలి? ఈమాక్స్ తెరని ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరంగా సర్దుకుంటూ పోతుంది. వాక్యమంతా ముందే చూసి అటూ ఇటూ మార్చే అవకాశం దానికి లేదు. ఇజ్రాయెల్‌కి చెందిన ఎలీ జరెత్‌స్కీ ఏళ్ల తరబడి దీని మీద కూర్చున్నాడు. ఒక్కో అక్షరం అందుకుంటూనే దాని దిశ తేల్చేలా ఆ లెక్కని తిరగరాశాడు. 2012 జూన్‌లో ఈమాక్స్ 24తో హీబ్రూ, అరబిక్, ఉర్దూ తమ దారిన తాము నడిచాయి. ఛత్తా బజార్ బోర్డు ఒకే తెర మీద రాయగలిగే రోజు అలా వచ్చింది.

మీ దగ్గర ఈమాక్స్ ఉంటే ఒకసారి తెరవండి. కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కండి, వదిలేసి మళ్లీ ఒక్కసారి హెచ్ నొక్కండి. ప్రపంచ భాషల్లో పలకరింపుల జాబితా వస్తుంది. పైన అరబిక్ వరసలో కుడి నుంచి ఎడమకి సలాం ఉంటుంది. కిందికి వెళితే తెలుగు అన్న మాట పక్కన ఎడమ నుంచి కుడికి నమస్కారం ఉంటుంది.